చలి కింది నుంచి వస్తుంది

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ రోడ్డు మీద అర్ధరాత్రి దాటినా కార్ల వెలుగులు ఆగవు. కొందరికి మంచు చూడాలని, కొందరికి పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి మబ్బుల మీద సూర్యోదయం చూడాలని. రాత్రి అక్కడే ఉండాలి, గదులు దొరకవు, కాబట్టి టెంటు. ఆ టెంటులో చలికి ఏం చెయ్యాలని ఎవరిని అడిగినా ఒకే పాఠం అప్పజెబుతారు. ఇంకో రగ్గు కప్పుకోండి. జిప్పులన్నీ బిగించండి. నెగడు వేసుకోండి. అలవాటుంటే రెండు పెగ్గులు వేసుకోండి. అప్పటికీ వణుకు ఆగకపోతే కుంపటిలో నిప్పులు పోసి లోపల పెట్టుకోండి.

ఈ పాఠం మొదటి నుంచి చివరిదాకా తప్పు. ఇందులో కొన్ని సలహాలు నిద్ర పాడుచేస్తాయి, ఒకటి ప్రాణం తీస్తుంది. అన్నిటికీ వేరు ఒకటే. చలి పైనుంచి పడుతుందని మనం నమ్ముతున్నాం. మంచు కురుస్తోందంటాం, మంచు పడుతోందంటాం. పైనుంచి పడేదానికి పైన కప్పుకోవడమే మందు అనిపించడం సహజం. కానీ రగ్గు కప్పుకుని నేలమీద పడుకున్న మనిషి ఒంట్లోని వేడిని ముందుగా లాక్కునేది నేల.

ఇది నాకు పుస్తకంలో కన్నా ముందు లంబసింగిలోనే తెలిసింది. మొదటిసారి వెళ్లినప్పుడు టెంటు అడుగున ఒక పల్చటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద ఒక దుప్పటి, నా మీద మూడు రగ్గులు. పొట్ట, రొమ్ము వెచ్చగానే ఉన్నాయి. భుజం, తుంటి, మడమలు మాత్రం మంచుముద్దల మీద ఆనించినట్టు జివ్వుమంటున్నాయి. ఒక పక్క చల్లబడితే ఇంకో పక్కకి తిరిగాను. రాత్రి మూడింటిదాకా అలాగే దొర్లాను. చివరికి విసుగొచ్చి పైనున్న రగ్గుల్లో రెండు తీసి మడతపెట్టి కింద పరిచాను. ఒక్కటే కప్పుకున్నాను. పది నిమిషాల్లో నిద్ర పట్టింది. అదే చలి, అవే మూడు రగ్గులు. మారిందల్లా వాటి చోటు.

కారణం చిన్నది. రగ్గు తనంతట తాను వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి మన వేడిని బయటికి పోనివ్వదు, అంతే. పైనున్న రగ్గు ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ గాలి ఉంటుంది. కింద పడ్డ రగ్గు మన బరువుకి నలిగి గాలి వదిలేస్తుంది. అందుకే కింద ఒకటి చాలదు, మందంగా కావాలి, నలగనిది కావాలి. పైగా అక్కడ నేల తడినేల. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా సులువుగా వేడిని లాగేస్తుంది. గాలి కాసేపు మన పక్కన ఉండి వేడెక్కుతుంది. నేల మాత్రం రాత్రంతా తాగినా వేడెక్కదు.

మన పెద్దలకు ఇది తెలుసు. వాళ్లు పడుకునే ముందు అడిగే మాట "పక్క వేశారా?" అని. పక్క వెయ్యడమంటే కింద పరవడం. ముందు చాప, దాని మీద పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత, ఆ పైన దుప్పటి. కప్పుకునేది ఆ తర్వాతి సంగతి. నులక మంచం మీద పడుకున్నా బొంత లేకపోతే చలికాలం అడుగునుంచి గాలి కొరుకుతుందని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసేది. స్ప్రింగు పరుపులు వచ్చాక పక్క వెయ్యడం అనే పని మన చేతుల్లోంచి పోయింది. పరుపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి వెచ్చదనమంతా దుప్పటిదే అనుకుంటున్నాం. ఆ అపోహనే మూటగట్టుకుని కొండెక్కుతున్నాం.

గొల్ల కురుమల సంగతి చూడండి. మేత కోసం మందను తోలుకుని ఊళ్లు దాటి పోయే కాపరి ఎన్ని రాత్రులు ఆరుబయట పడుకుంటాడో లెక్క లేదు. అతని దగ్గర ఉండేది ఒక్క గొంగడి. దక్కనీ గొర్రె ముతక ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి నేసిన గట్టి కంబళి అది. వానొస్తే అదే గొడుగు, రాత్రయితే అదే పక్క. ఆ ముతక ఉన్ని బరువుకి అంత తేలిగ్గా నలగదు. ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. మెత్తగా లేదని, గుచ్చుకుంటుందని ఆ గొంగడిని మనం ఇళ్లలోంచి వెళ్లగొట్టాం. టెంటులోకి మాత్రం మెరిసే పాలిస్టరు రగ్గులు తీసుకుపోతున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

స్లీపింగ్ బ్యాగు కొనుక్కుంటే ఈ గొడవంతా ఉండదని వాదించేవాళ్లున్నారు. డబ్బున్నవాళ్ల చేత తొందరగా కొనిపించేదీ ఈ వాదనే. బ్యాగు మీద "0 డిగ్రీలు" అని పెద్ద అక్షరాలుంటాయి. ఆ అంకె ఎలా వస్తుందో అమ్మేవాళ్లు చెప్పరు. 2002లో వచ్చిన యూరప్ ప్రమాణం ఈఎన్ 13537, దాని తర్వాతి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537. వీటి ప్రకారం వేడెక్కే బొమ్మను బ్యాగులో పడుకోబెట్టి కొలుస్తారు. ఆ బొమ్మకు లోపలి బట్టలు తొడుగుతారు, దాని కింద మ్యాట్ వేస్తారు. అంటే బ్యాగు మీద రాసిన అంకె కింద మ్యాట్ ఉంటేనే నిజం. పైగా అంకెలు ఒకటి కాదు. హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకుని ఎలాగో తెల్లవార్చుకునే హద్దు ఇంకొకటి, ప్రాణం నిలుపుకోవడమే గొప్పైన చివరి హద్దు మరొకటి. అట్టమీద పెద్దగా కనబడేది చాలాసార్లు రెండోది. దాన్ని చూసి కొని, వట్టి నేలమీద పరుచుకుని, బ్యాగు మోసం చేసిందని తిట్టుకుంటాం.

మ్యాట్‌కి వేరే కొలత ఉంది, ఆర్-వాల్యూ అంటారు. అంకె ఎంత పెద్దదైతే నేలకు వేడి అంత తక్కువ పోతుంది. మామూలు ఫోమ్ షీటు రెండుకు అటూ ఇటూ ఉంటుంది. పేరుకున్న మంచు మీద పడుకోవాలంటే నాలుగుకు పైన కావాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలిసిపోతాయి, కాబట్టి రెండు చవక ఫోమ్ షీట్లు ఒక ఖరీదైన మ్యాట్ పని చేస్తాయి. గాలి ఊదే మామూలు పరుపును మాత్రం నమ్మకండి. మెత్తగా ఉంటుంది కానీ లోపలి గాలి ఖాళీగా తిరుగుతూ పైనున్న వేడిని కిందికి మోసుకుపోతుంది. లంబసింగిలో ఇవేవీ లేకపోయినా వరిగడ్డి ఉంది. డిసెంబరు నాటికి కోతలయి కుప్పలు వేసి ఉంటాయి. బోలు కాడలున్న ఎండుగడ్డిని గోనెసంచుల్లో కుక్కి టెంటు అడుగున వేస్తే అంతకు మించిన పరుపు లేదు. నెగడుకి దూరంగా ఉంచాలన్నదొక్కటే జాగ్రత్త.

ఇక జిప్పులు బిగించమనే సలహా. ఇది ఎంత తెలివైనదిగా కనిపిస్తుందో అంత చెరుపు చేస్తుంది. నిద్రలో మన ఊపిరి నుంచీ చర్మం నుంచీ రాత్రికి పావు లీటరుకు అటూ ఇటూ నీరు ఆవిరై పోతుంది. నలుగురు పడుకుంటే లీటరు. గాలి ఆడని టెంటులో అది బట్టకు తగిలి చుక్కలు కట్టి మళ్లీ మన మీదే రాలుతుంది. తెల్లారి "మంచు లోపలికి కారింది" అంటారు. అది మంచు కాదు, వాళ్ల ఊపిరి. తడిసిన రగ్గు వెచ్చదనం ఇవ్వదు.

తేమ ఎంత పని చేస్తుందో చెప్పడానికి 1911 నాటి ఒక ప్రయాణం చాలు. అంటార్కిటికాలో అన్వేషకుడు స్కాట్ బృందం నుంచి విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ అనే ముగ్గురు నడి చలికాలంలో, పగలన్నది లేని రోజుల్లో, పెంగ్విన్ గుడ్ల కోసం క్రోజియర్ అగ్రానికి వెళ్లారు. రైన్‌డీర్ తోలు సంచుల్లో పడుకున్నారు. వాళ్ల ఊపిరీ చెమటా ఆ సంచుల్లోనే గడ్డకట్టాయి. ఐదు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి మూడు సంచుల బరువూ కలిపి వెళ్లినప్పటికంటే రెట్టింపు దాటింది. రాత్రుళ్లు బిర్రబిగిసిన సంచిలోకి దూరడమే వాళ్లకు పెద్ద యుద్ధమైంది. మన చలి దాని ముందు లెక్కలోకి రాదు, కానీ సూత్రం అదే. టెంటు పైభాగాన ఉన్న గాలి కిటికీ తెరిచే ఉండాలి. తల దుప్పటిలో ముసుగేసుకుని లోపలికే ఊపిరి వదలడం కూడా ఇందుకే తప్పు. తలకు టోపీ పెట్టుకుని ముక్కు బయట ఉంచండి.

పెగ్గుల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఒంటి లోపలి వేడి చర్మానికి చేరుతుంది, మనకు వేడెక్కినట్టు ఉంటుంది. ఆ వేడి పోతున్న వేడి. ఒళ్లు తనను తాను కాపాడుకోవడానికి పుట్టించే వణుకును కూడా మందు తగ్గిస్తుంది. కొండమీద తాగి పడుకున్నవాడికి చలి తెలియడం ఆగుతుంది కానీ చలి ఆగదు.

నెగడును నేను వద్దనను. చలిమంట చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం మన ఊళ్ల శీతకాలపు ఆనందం. కానీ అది కూర్చున్నప్పటి సుఖం. అందరూ తొమ్మిదింటికి మంట వేసి పదకొండింటికి ఆర్పుకుంటారు. చలి ముదిరేది తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు. అప్పటికి మంట బూడిద. దాని వేడి రాత్రికి కావాలంటే ఒక దారుంది. ఆ మంట మీద నీళ్లు కాచి, మూత గట్టిగా ఉన్న స్టీలు సీసాలో పోసి, మేజోడులోకి దూర్చి పాదాల దగ్గర పెట్టుకోండి. కాళ్లు వెచ్చబడితే నిద్ర దానంతట వస్తుంది.

ఇప్పుడు కుంపటి. ఇక్కడ నేను ఎవరితోనూ రాజీపడను. బొగ్గులు పొగ మానేసి, మీద తెల్లటి బూడిద కట్టి, ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు ఇక ప్రమాదం లేదనుకుంటారు. అప్పుడే కుంపటిని లోపలికి తెస్తారు. ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. మెలకువగా ఉన్నవాడు బయటికి పరుగెత్తగలడు. నిద్రపోతున్నవాడు అలాగే పోతాడు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, చలికి తలుపులు మూసుకుని గ్యాస్ హీటరు పెట్టుకుని ఒకే గదిలో పడుకున్నారు. తెల్లారి ఎవరూ లేవలేదు. అది గోడలున్న గది. టెంటు దానికంటే ఎంత చిన్నదో ఆలోచించండి. "కాస్త జిప్పు తీసి పెడితే చాలు" అనే మాట నేను చెవులారా విన్నాను. చాలదు. కుంపటి కానీ, గ్యాస్ పొయ్యి కానీ, హీటరు కానీ, పడుకునే టెంటులోకి రాకూడదు. టెంట్ల నిర్వాహకులు కుంపటిని సేవ అనుకుని తెచ్చి పెడుతున్నారు. వాళ్లది చెడు ఉద్దేశం కాదు, తెలియకపోవడం. తెలియనివాళ్లకు చెప్పాల్సిన బాధ్యత అనుమతులిచ్చేవాళ్ల మీద ఉంది. ప్రతి టెంటు గుమ్మం దగ్గర తెలుగులో ఒక్క వాక్యం రాసి కట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

టెంటు వేసే చోటు మీద కూడా నాకు తగవుంది. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నా చుట్టూ కొండలున్న పల్లం. నిర్మలమైన రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్లలా జారి ఆ పల్లంలో నిలుస్తుంది. ఆ ఊరి పాత పేరు కొర్రబయలు. బయట పడుకున్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. పేరులోనే హెచ్చరిక ఉన్న నేలమీద, అందులోనూ చెరువు గట్టు పక్కన, కోసిన తడి మళ్లలో టెంట్లు వేస్తారు, ఫొటోలు బాగుంటాయని. పల్లానికి కాస్త పైన, చెట్ల అంచున, పొడినేల మీద వేస్తే గాలి కొంచెం మెత్తబడుతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు టెంట్లు చూసుకునే మనిషిని కాస్త గడ్డి దొరుకుతుందా అని అడిగాను. ఆయన నా వంక ఆశ్చర్యంగా చూసి, ఇంటి వెనక కుప్పలోంచి రెండు మోపులు తెచ్చి, అడుగున సమంగా పరిచి, మీద గోనెలు కప్పాడు. "మా ఇంట్లో పిల్లల్ని ఇలాగే పడుకోబెడతాం సార్. టూరిస్టులకి గడ్డంటే నచ్చదని వెయ్యం" అన్నాడు. పక్క టెంటులో ఉన్న కుటుంబం వచ్చి చూసింది. వాళ్లావిడ చెయ్యి పెట్టి నొక్కి చూసి, మాకూ రెండు మోపులు కావాలంది. అప్పటికే వాళ్ల టెంటు గుమ్మం ముందు కుంపటి సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని తీసుకెళ్లి నెగడులో బోర్లించి, గడ్డి కోసం మళ్లీ ఇంటివైపు వెళ్లాడు.