దాత పేరు చలువరాతి మీద, రోగి పేరు ఎక్కడ?

వైద్య పరిశోధనకు ప్రజల తోడ్పాటు కావాలనీ, దాతలు ముందుకు రావాలనీ ఈనాడు ప్రతి వేదికపైనా వినబడుతున్నది. మంచిదే. అయితే ఆ తోడ్పాటు ఏ రూపంలో ఉండాలో, ఆ దానం వెంట ఏ అధికారం నడిచివస్తుందో తెలుసుకోదలచిన శ్రామికులు భోపాల్ విషవాయు బాధితుల కోసం వెలసిన రెండు వైద్యశాలల చరిత్రను పక్కపక్కన పెట్టి చూడవలసియున్నది.

1984 డిసెంబరు 2-3 తేదీల నడిరేయి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ వేలమందిని బలిగొన్నది. బాధితుల కోసం ఒక పెద్ద ఆసుపత్రి నిర్మాణ వ్యయాన్ని కంపెనీయే భరించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. జప్తులో ఉన్న కంపెనీ వాటాలను 1994లో విక్రయించగా వచ్చిన సొమ్ము ఒక ధర్మనిధికి చేరినది. ఆ నిధితోనే భోపాల్ స్మారక ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం నిర్మాణమై 2000లో ప్రారంభమైనది. ధర్మనిధి అన్న పేరు గమనించదగినది. న్యాయస్థానం మెడలు వంచి వసూలు చేసిన బాకీకి కూడా మన దేశంలో ధర్మమనే పేరు వస్తుంది!

ఇక అక్కడ జరిగిన పరిశోధన సంగతి. 2004-2008 సంవత్సరాల మధ్య బహుళజాతి ఔషధ కంపెనీల కొత్త మందుల ప్రయోగాలకు ఆ ఆసుపత్రి వేదికైనది. గుండెజబ్బు, న్యుమోనియా వంటి వ్యాధులకు ఉద్దేశించిన ఆ మందుల పరీక్షలో విషవాయు బాధితులను చేర్చుకొన్నారు. ప్రయోగమన్న సంగతే తమకు తెలియదని వారిలో పలువురు తరువాత చెప్పారు. ఏ గాలి పీల్చి వారు రోగులైనారో ఆ గాలిని గూర్చిన ప్రశ్న ఆ మందుల పరీక్షలలో లేదు.

రెండవ వైద్యశాల కథకు బీజం 1985లో ఉన్నది. బాధితుల దేహంలోని విషానికి సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు మేలు చేస్తున్నట్లు భారత వైద్య పరిశోధనా మండలి ఆ సంవత్సరారంభంలోనే గుర్తించి సిఫారసు చేసినది. కాని యంత్రాంగం కదలలేదు. అప్పుడు కార్మిక సంఘాల విరాళాలూ, స్వచ్ఛంద వైద్యుల శ్రమా తోడై 1985 జూన్‌లో జన స్వాస్థ్య కేంద్రం వెలసినది. ఇంజెక్షను ఇవ్వడమే గాక, ఎవరికి ఎంత గుణమిచ్చిందో వైద్యులు వ్రాసి ఉంచసాగారు. బస్తీ ప్రజల సొంత పరిశోధన అంటే అదే. అదే నెల చివరి వారంలో పోలీసులు దాడిచేసి వైద్యులను అరెస్టు చేశారు, రికార్డులను పట్టుకుపోయారు. దొంగసొత్తును స్వాధీనం చేసుకున్నట్లు రోగుల కేసు పత్రాలను స్వాధీనం చేసుకోవడం వింతగా తోచవచ్చు. కాని నష్టపరిహారం లెక్కకు వచ్చేది ఆ పత్రాలలోనే గదా!

పరిశోధనా మండలి చేపట్టిన దీర్ఘకాలిక అధ్యయనాలు 1994లో ఆగిపోయినవి. 2010లో మాత్రమే భోపాల్‌లో పర్యావరణ ఆరోగ్యంపై జాతీయ పరిశోధనా సంస్థ ఏర్పడినది. మధ్య పదహారేళ్లు. ఆ నడిమికాలంలో, 1994లో బ్రిటన్ పత్రికలో వెలువడిన ఒక విజ్ఞప్తికి స్పందించి సామాన్య పాఠకులు పంపిన విరాళాలతో 1996లో సంభావన అనే చిన్న వైద్యశాల మొదలైనది. అక్కడ పనిచేసినవారు చేసిన ఒక అధ్యయనం 2003లో అమెరికన్ వైద్య సంఘపు పత్రికలో అచ్చయినది. విషవాయువు సోకిన తల్లిదండ్రులకు ఆ తరువాత పుట్టిన మగపిల్లలలో సైతం శరీర పెరుగుదల కుంటుపడినదని అది చూపినది. ఇది పెద్ద సంస్థలు అడగవలసిన ప్రశ్న. పిల్లలను పెంచుతున్న తల్లులు ముందే ఎరిగిన ప్రశ్న.

“కూలివాడికి పరిశోధన ఏమి తెలుస్తుంది?” అని కొందరు పెద్దలు నవ్వవచ్చు. ప్రత్తి మిల్లు కార్మికునికి వారపు సెలవు గడిచి పనిలోకి వెళ్లిన సోమవారంనాడే ఛాతీ బిగుసుకుంటుందని బిస్సినోసిస్ వ్యాధి గ్రంథాలన్నీ చెబుతున్నవి. ఆ సంగతిని వైద్యునికి చెప్పినవాడు కార్మికుడే. భోపాల్ కర్మాగారంలో 1981 డిసెంబరులో ఫాస్జీన్ సోకి తోటి కార్మికుడు మరణించినప్పుడు ప్రమాదం పొంచి ఉన్నదని హెచ్చరించినది కూడా అక్కడి కార్మిక సంఘమే.

మన తెలుగు నేలపై జరిగినది కూడా మరువరాదు. 2009 జూలైలో నాటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పథకం మొదలైనది. డబ్బు అమెరికాలోని గేట్స్ ఫౌండేషన్‌ది, నిర్వహణ పాత్ అనే సంస్థది, సహకారం మన పరిశోధనా మండలిది, రాష్ట్ర ప్రభుత్వానిది. 10 నుండి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మంది, అందులో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలెందరో. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినది. ఆ టీకా లోకమంతటా వాడుకలో ఉన్నది, దానితో మనకు పేచీ లేదు. మన పేచీ సమ్మతి పత్రాలతో. పరిశీలించిన 9,543 పత్రాలలో 1,948 వేలిముద్రలనీ, 2,763 పత్రాలపై హాస్టలు వార్డెన్లే సంతకాలు చేశారనీ పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక తేల్చినది. కన్నతల్లికి బదులు వార్డెను! ప్రజల భాగస్వామ్యమని దాతల నివేదికలలో వ్రాసుకొనేది ఇటువంటిదేనా?

దాతలను తరిమివేయాలని మా వాదన కాదు. భోపాల్ బస్తీకి చేరిన బ్రిటన్ విరాళం కూడా దానమే. తేడా ఎక్కడున్నదంటే, అక్కడ ఏ ప్రశ్న అడగాలో బాధితులకు చేరువగా నిర్ణయమైనది, ఖమ్మంలో నిర్ణయమైపోయిన పనికి వేలిముద్ర మాత్రమే అడిగారు.

మనకూ ఒక నిధి ఉన్నది. 2019 జూలై నుండి ఇ.ఎస్.ఐ.కి మన వేతనంలో 0.75 శాతం, యాజమాన్యం వంతుగా 3.25 శాతం చేరుతున్నది. సనత్‌నగర్ వంటి చోట్ల ఆ నిధితో వైద్య కళాశాలలే నడుస్తున్నవి. అక్కడి పరిశోధనలలో రాతి ధూళికి, ప్రత్తి ధూళికి, రసాయనాల పొగకు ఎంత చోటున్నదో అడిగే హక్కు చందాదారులది. కొత్త మందుల ప్రయోగాలను అనుమతించే నైతిక కమిటీలో ఏడుగురికి తగ్గని సభ్యులుండాలనీ, వారిలో సగంమంది బయటివారు కావాలనీ, ఒక సామాన్య వ్యక్తి తప్పక ఉండాలనీ 2019 నిబంధనలు శాసిస్తున్నవి. మీ ఊరి ఆసుపత్రిలో ప్రయోగాలు జరుగుతున్నట్లయితే ఆ సామాన్యుని కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారో శాఖా కార్యదర్శులు వ్రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు చాలు. వచ్చిన జవాబుల నకళ్లను ఈ పత్రికకు పంపగోరుచున్నాము.