కౌన్సెలింగ్ అంటే రాజీ కాదు

మన దగ్గర "కౌన్సెలింగ్" అన్న మాటకు పట్టిన దుర్గతి మరే మాటకూ పట్టలేదేమో. భర్త కొట్టాడని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళిన స్త్రీని, ఆ కొట్టినవాణ్ణి ఎదురెదురుగా కూర్చోబెట్టి, "పిల్లల మొహం చూసి సర్దుకుపో అమ్మా" అని చెప్పి పంపేయడాన్ని కౌన్సెలింగ్ అంటున్నారు. ఇంటి పెద్దలూ కులపెద్దలూ తరతరాలుగా చేస్తూ వచ్చిన పనే ఇది. ఇప్పుడు బల్ల, కుర్చీ, రిజిస్టరు వచ్చాయి. పేరు మారింది. అంతే.

దీన్ని చూసి విసిగిపోయిన మన ఉద్యమ మిత్రులు కొందరు మరో కొసకు వెళ్ళారు. స్త్రీల దుఃఖానికి మూలం పితృస్వామ్యంలో ఉన్నప్పుడు, దాన్ని ఒక గదిలో కూర్చుని మాటలతో నయం చేస్తామనడం మోసం కాదా అని వారు అడుగుతారు. సైకోథెరపీ డబ్బున్నవాళ్ళ వ్యవహారమనీ, మనిషిని వ్యవస్థకు సర్దుబాటు చేసే సాధనమనీ కొట్టిపారేస్తారు.

ఈ రెండు ధోరణులతోనూ నాకు పేచీ ఉంది. మొదటిది చికిత్స పేరుతో రాజీని అంటగడుతోంది. రెండవది ఆ రాజీని చూసి చికిత్సనే వదులుకుంటోంది. నష్టపోతున్నది మాత్రం నిద్ర పట్టక, గుండెదడతో, చచ్చిపోవాలన్న ఆలోచనతో మన ఆఫీసు మెట్లెక్కే స్త్రీ. 2016లో ప్రపంచం మొత్తంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో 36.6 శాతం భారతీయులేనని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. వ్యవస్థ మారేదాకా ఆగమని వీళ్ళకు చెప్పే హక్కు మనకెవరిచ్చారు?

అసలు సైకోథెరపీ అన్నది ఒకే పద్ధతి కాదు. ఒక్కొక్క పద్ధతి మనిషి బాధను ఒక్కొక్క రకంగా అర్థం చేసుకుంటుంది. అందుకే ఒక్కొక్కటి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మన మెడకు చుట్టుకుంటుందో విడివిడిగా చూడాలి.

మనోవిశ్లేషణతో మొదలుపెడదాం. 1900లో వియన్నాలో ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఫ్రాయిడ్ దగ్గరకు వచ్చింది. తన రచనలో ఆయన ఆమెకు డోరా అని పేరు పెట్టాడు. తండ్రి స్నేహితుడు తనపై చెయ్యి వేశాడని ఆమె చెప్పింది. అది జరిగిందని ఫ్రాయిడ్ నమ్మాడు. కానీ ఆమె అసహ్యం వెనుక ఆ మనిషి మీద దాచుకున్న కోరిక ఉందని అర్థం తీశాడు. పదకొండు వారాలకే ఆమె ఆ చికిత్స మానేసి వెళ్ళిపోయింది. ఆ గదిలో ఆరోగ్యకరమైన నిర్ణయం తీసుకున్నది ఆమేనని నా అభిప్రాయం. అయినా ఈ సంప్రదాయం మనకొక విలువైన ఎరుకనిచ్చింది. నోటితో చెప్పుకోలేనిది ఒంట్లో నొప్పిగా పలుకుతుందని, చిన్ననాటి గాయం పెద్దయ్యాక కూడా మనుషులతో మన సంబంధాలను శాసిస్తుందని అది చూపింది. స్త్రీ గురించి ఫ్రాయిడ్ చేసిన సిద్ధాంతాలను 1920లలోనే కరెన్ హార్నీ ఆ సంప్రదాయం లోపలి నుంచే ప్రశ్నించింది. డోరా విషయంలో తప్పు మాట్లాడించడంలో లేదు, ఆమె చెప్పినదాన్ని తిరగేసి చదవడంలో ఉంది.

రెండవది, 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ. "నేను దేనికీ పనికిరాను", "అంతా నా ఖర్మ" వంటి ఆలోచనలను నిజాలుగా ఒప్పుకోకుండా, వాటికి ఆధారం ఏమిటని వెతకడం ఇందులో ముఖ్యం. దానితోపాటు మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టిస్తారు. ఇది డబ్బున్నవాళ్ళ వ్యవహారం కానక్కరలేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి ప్రాంతపు పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య కార్యకర్తలకే ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, బిడ్డ పుట్టిన ఆరు నెలలకు వీరిలో 23 శాతం మందికి డిప్రెషన్ ఉంటే, మామూలు పరామర్శ మాత్రమే అందిన తల్లుల్లో 53 శాతం మందికి ఉంది. అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. "వాడు నన్ను చంపేస్తాడు" అని ఒక స్త్రీ అన్నప్పుడు అది సరిదిద్దవలసిన ఆలోచన కాదు. అది సమాచారం. దానికి కావలసింది రక్షణ.

మూడవది కార్ల్ రోజర్స్ పద్ధతి. తీర్పు చెప్పకుండా, సలహా ఇవ్వకుండా, ఎదుటి మనిషి మాటను చివరిదాకా వినడం దీని ప్రాణం. వినడానికి చిన్న విషయంగానే ఉంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నేర్పి పెంచిన స్త్రీకి, తన మాటను మధ్యలో తుంచకుండా విన్న మనిషి జీవితంలో ఎంతమంది ఉంటారు? కానీ ఈ రాత్రి తలదాచుకునే చోటు లేని స్త్రీకి వినడం ఒక్కటే చాలదు. ముందు చోటు చూపించాలి.

నాలుగవది కుటుంబ చికిత్స. సమస్య ఒక మనిషిలో లేదు, కుటుంబ సంబంధాల అల్లికలో ఉందంటుంది. కూతురు అన్నం మానేస్తే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం ఏమిటని చూస్తుంది. అంతవరకు మంచిదే. అదే చూపును హింస మీద పెడితే, దెబ్బలకు కొట్టినవాడితోపాటు తిన్నదీ బాధ్యురాలవుతుంది. కుటుంబంలోని అధికారాన్ని చూడని ఈ ధోరణిని రేచల్ హేర్-మస్టిన్ 1978లోనే విమర్శించింది. 1992లో జూడిత్ హెర్మన్ మరింత స్పష్టంగా చెప్పింది: గాయపడ్డ మనిషికి మొదట భద్రత, ఆ తర్వాతే గతాన్ని తవ్వుకోవడం. మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఈ వరుస తలకిందులైంది. భద్రత ఊసే లేకుండా ఆమెను అతని ముందే నోరు విప్పమంటున్నారు. ఆ మాటకు శిక్ష ఇంటికెళ్ళాక పడుతుందని ఎవరికి తెలియదు?

చట్టం ఇంతకంటే మెరుగ్గానే ఉంది. గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల ప్రకారం, కౌన్సెలింగ్‌లో హింసను సమర్థించుకునే అవకాశం ప్రతివాదికి లేదు. ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి చెప్పాలి. బాధితురాలు కోరితేనే రాజీ ప్రయత్నం చేయాలి. ఎన్ని చోట్ల ఇది జరుగుతోంది?

మరొక భయం కూడా స్త్రీలను చికిత్సకు దూరం చేస్తోంది. హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. డాక్టరు చీటీ ఒకటి దొరికితే "పిచ్చిది" అని కోర్టుకెక్కే భర్తలున్నారు. రోగం పేరు ఒక్కటే విడాకులకు చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. మానసిక అస్వస్థత ఉన్నంత మాత్రాన మనిషి మతిస్థిమితం లేనిదైపోదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టం చేసింది. ప్రభుత్వ సేవల్లో చికిత్స పొందే హక్కును, వివరాలు గోప్యంగా ఉండే హక్కును కూడా ఇచ్చింది. ఈ మాట మన దగ్గరకు వచ్చే ప్రతి స్త్రీకీ చెప్పడం మన బాధ్యత.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. హింస ఉన్నచోట భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టకూడదు. కౌన్సెలర్లకు సరైన శిక్షణ, బతకదగ్గ జీతం ఇవ్వాలి. స్త్రీ చెప్పింది ఆమె అనుమతి లేకుండా గది దాటకూడదు. ప్రభుత్వాసుపత్రిలో నిద్రమాత్రలతో సరిపెట్టకుండా మాట్లాడే మనిషిని కూడా పెట్టాలి. మన సంఘాలు ఏ కౌన్సెలర్ దగ్గరకు పంపుతున్నా, ఆమె ఏ పద్ధతిలో పని చేస్తుందో, ఎవరి పక్షాన నిలుస్తుందో ముందు అడిగి తెలుసుకోవాలి.

థెరపీ ఇంటద్దె కట్టదు, భూమి పట్టా ఇప్పించదు, కట్నం ఆపదు. ఆ పోరాటాలు మనం చేయవలసిందే. కానీ ఆ పోరాటాలు చేయడానికి స్త్రీ బతికుండాలి, తన మాట మీద తనకు నమ్మకముండాలి. ఏ పద్ధతికైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఆ గది నుంచి బయటికి వచ్చే స్త్రీ "సర్దుకుపోతాను" అంటూ వస్తోందా, "నాకేం కావాలో నాకు తెలిసింది" అంటూ వస్తోందా?