లారీ కిరాయిలో దాగిన ధర

సాలూరు లారీల ఊరు. ఘాట్ ఎక్కి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు సరుకు మోసే బళ్లకు డీజిలే పెద్ద ఖర్చు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక ప్రపంచ చమురు ఒడుదొడుకులు కిరాయికి తగిలే దారి తెరుచుకుంది. అయినా 2012 ఆధార సంవత్సరపు వినియోగదారుల ధరల సూచీలో డీజిల్ వాటా 0.15 శాతమే. కుటుంబం బంకులో కొన్న డీజిలే ఆ లెక్కలోకి వస్తుంది. కిరాయిలో కలిసింది బియ్యం, ఉల్లి, సబ్బుల ధరగా ఇంటికొస్తుంది.

కూరగాయల ధర వానల చేతిలో ఉందనేవారి మాట నిజమే. కానీ పంట పండినంత మాత్రాన కిరాయి తగ్గదు. కిరాయి తగ్గాలని డీజిల్‌పై పన్ను తగ్గిస్తే ఖజానా ఏమవుతుందన్న ప్రశ్న ఇంకా బరువైనది. ఆంధ్రప్రదేశ్ డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు వేసింది. ఆ శాతం బదులు మొత్తం పన్నును లీటరుకింతని స్థిరపరిస్తే ఆదాయం నిలుస్తుంది. చమురు మండిన నెలలో పన్ను కూడా పెరిగి కూలి కుటుంబంపై రెండో దెబ్బ పడదు.