ఇంటి చదువుకు లెక్క ఉండాలి

బడికి పంపకుండా పిల్లలను ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలకు విద్యాశాఖ పట్టికల్లో గడి లేదు. పిల్ల బడిలో ఉన్నట్టు రాయాలి, లేకపోతే బడి బయట ఉన్నట్టు రాయాలి. బడి బయటి పిల్లల జాబితాకు ఎక్కితే ఇంటి ముందు ఆరాలు మొదలవుతాయి. అందుకని గుడివాడలో ఉన్నా, నాగాయలంకలో ఉన్నా ఇలాంటి తల్లిదండ్రులకు తోచే ఉపాయం ఒకటే. తెలిసిన ప్రైవేటు బడిలో ఫీజు కట్టి పేరు రాయిస్తారు. పిల్ల ఇంట్లో చదువుతుంది, హాజరు బడిలో పడుతుంది. బిడ్డను తన పద్ధతిలో పెంచుకోవాలని బడి మాన్పించిన తండ్రి ఆ బిడ్డ పేరు మీద ఏటా ఒక అబద్ధం కొనుక్కుంటున్నాడు.

ఈ తంతు ఆగాలి. ఇంటి చదువును చట్టం ఒప్పుకోవాలి. ఒప్పుకున్న నాడే లెక్క కూడా అడగాలి. ఒప్పుకుంటే చాలు, లెక్క మా ఇష్టమనే తల్లిదండ్రులతోనూ, బడి గడప తొక్కని చదువు చదువే కాదనే అధికారులతోనూ మేము ఏకీభవించం.

చట్టం సంగతి ముందు చూద్దాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు బిడ్డను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే శిక్ష ఏమిటో మాత్రం చెప్పదు. ఇంటి చదువును తప్పనీ అనదు, ఒప్పనీ అనదు. ఇక ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి, ఒకరు లెక్కలు, ఒకరు తెలుగు, ఒకరు సైన్సు చెప్పుకుందామని ఒక వసారాలో పిల్లలను కూర్చోబెడితే పద్దెనిమిదో సెక్షన్ గుర్తుకొస్తుంది. గుర్తింపు లేని బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకుండా నడిపిస్తే రోజుకు పదివేల దాకా. వీధి చివర పుట్టుకొచ్చే నకిలీ బడుల కోసం పెట్టిన నిబంధన ఇది. వసారాకూ బడికీ తేడా ఏమిటో చట్టం చెప్పలేదు గనక భయం వసారాకూ పట్టుకుంది.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే రేపు సీటు వచ్చేటప్పుడు పిల్ల స్థానికురాలు కాకుండా పోతుందని తల్లులు బెంగ పెట్టుకుంటారు. కళాశాలల ప్రవేశాలపై 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం ఈ పిల్లను ఎప్పుడో ఊహించింది. నాలుగేళ్లు ఏ విద్యాసంస్థలోనూ చదవని అభ్యర్థి ఆ నాలుగేళ్లూ అక్కడే నివసించినట్టు చూపిస్తే స్థానికుడే అవుతాడని అందులో ఉంది. యాభై ఏళ్ల కిందటి ఉత్తర్వుకు అర్థమైన బిడ్డ ఇవాళ్టి విద్యాశాఖ పోర్టళ్లకు అర్థం కావడం లేదు.

ఇంటి చదువు అనగానే ఎనిమిదేళ్లకే పదో తరగతి పాసైన అద్భుత బాలల కథలే మన పత్రికలకు కావాలి. మా పత్రికా అందుకు మినహాయింపేమీ కాదు. మామూలు ఇంట్లో మామూలు బిడ్డకు రోజువారీ చదువు ఎలా సాగుతుందన్నది అంతకంటే పనికొచ్చే సంగతి. ఉదయం వంట, కాలువ నీళ్లు, పాలవాడు అన్నీ అయ్యాక తల్లి పుస్తకం తెరుస్తుంది. నలభై మందికి కలిపి చెప్పే పాఠం ఒక్కరికి చెప్పేటప్పుడు త్వరగా తెమిలిపోతుంది. భిన్నాలు అర్థమయ్యే దాకా వారమైనా అక్కడే ఆగవచ్చు. మధ్యాహ్నం తాతయ్య దగ్గర పద్యమో, పేపరు చదవడమో. ఇంట్లో చదువు అంటే చాలాచోట్ల తల్లి మానేసిన ఉద్యోగం అని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తండ్రి ఫీజు మిగిలిందనుకుంటాడు, ఆమె జీతం పోయిన లెక్క వేసుకోడు. దానికి తోడు ‘పాపను బడికి పంపరా అండీ?’ అని పక్కింటివాళ్లు అడిగినప్పుడల్లా జవాబు చెప్పుకోవలసిందీ ఆమే.

ఏ సిలబస్ అన్నది అసలు తలనొప్పి. కేంబ్రిడ్జి పరీక్షలకు ప్రైవేటుగా కూర్చోవాలంటే ఫీజులు మధ్యతరగతి నడుము విరుస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చౌక, గట్టివి, కాని వాటిలో కృష్ణా డెల్టా ఎక్కడో ఒక మూల కనిపిస్తుంది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లుగా ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాషగా అచ్చవుతున్నాయి. ఇంట్లో చదివించేవాళ్లకు ఇంతకంటే మంచి సాధనం లేదని మా అభిప్రాయం. లెక్క తెలుగులో అర్థం చేసుకుని, పక్క పేజీలో ఇంగ్లిషు మాటలు పట్టుకోవచ్చు. ఇంగ్లిషు మీడియం బడుల్లో ఐదో తరగతి దాటినా తెలుగు వార్త గడగడా చదవలేని పిల్లలు మన ఊళ్లలో కొల్లలు. ఇంటి చదువు ఆ ఒక్క లోటు తీర్చినా దండగ కాదు.

పుస్తకం బయట మన నేల మీద ఉన్న పాఠాలకు కొదవ లేదు. పెడనలో కలంకారీ వేసేవారి దగ్గర రసాయన శాస్త్రం ఉంది. గుడ్డను కరక్కాయలో ఎందుకు ముంచుతారు, బెల్లమూ ఇనుమూ ఊరబెడితే నలుపు ఎలా వస్తుంది, పటిక అద్దిన చోటే ఎరుపు ఎందుకు పట్టుకుంటుంది, పారే కాలువ నీటిలోనే ఎందుకు ఉతకాలి? పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి మధ్యలో దివిసీమను వదిలిపెట్టిన తీరు చూస్తే భూగోళం మొదటి పాఠం అక్కడే అయిపోతుంది. హంసలదీవిలో పాయ సముద్రంలో కలిసే చోటుకీ, సొర్లగొంది మడ అడవులకీ వెళితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఏ దారిన లోపలికి వచ్చిందో, మడలు నరికితే ఏమవుతుందో పదేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది. బడి పిల్లలు వీటిని బస్సు కిటికీలోంచి చూస్తారు. నిజానికి బడులు కూడా ఈ పాఠాలు చెప్పవచ్చు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలయ్యాక వాటికి తీరిక లేదు. రెసిడెన్షియల్ స్కూళ్లకు ఒకప్పుడు పేరుమోసిన గుడివాడ తన పిల్లలను ఇప్పుడు బెజవాడ హాస్టళ్లకు పంపుతోంది. ఇంటి చదువు వైపు మనసు మళ్లడానికి ఆ హాస్టళ్లు కూడా ఒక కారణమే.

బందరుకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. సర్కారు చదువు గుమాస్తాలను తయారుచేస్తోందని విసిగిపోయి కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది ఈ ఊళ్లోనే. పుస్తకంతో పాటు మగ్గం, వడ్రంగం, చిత్రకళ నేర్పారు. చిత్రకళ చెప్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్‌కుమార్ ఛటర్జీ వచ్చారు. పింగళి వెంకయ్య అక్కడ పాఠం చెప్పారు. ‘కృష్ణాపత్రిక’ సంపాదకుడైన ముట్నూరే ఒక ప్రత్యామ్నాయ విద్యాసంస్థకు పునాది వేసిన ఊరు ఇది. ఆ ఊరి పత్రిక ఇవాళ బడికి బయట చదువే లేదని రాయలేదు.

ఇంటిని మరీ నెత్తిన పెట్టుకోవద్దని కూడా ఈ నేలే చెబుతుంది. కూచిపూడిలో తరతరాలుగా నాట్యం ఇళ్లలోనే, తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి అందింది. అలా నేర్పిన విద్య ప్రపంచమంతా పాకింది. అదే ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలకు మాత్రం ఆ విద్య అందలేదు. వేషం స్త్రీది, వేసేది మగవాడు. ఇరవయ్యో శతాబ్దంలో గడప బయటి గురువులు, బయటి వేదికలు వచ్చాకే ఆడవాళ్లు కూచిపూడి ఆడారు. ఇల్లు ఎంత గొప్ప గురుకులమైనా ఎవరికి నేర్పాలో, ఎవరికి అక్కర్లేదో ఇంటి పెద్దే నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం మీద బయటి చూపు ఒకటి ఉండి తీరాలి.

అందుకే లెక్క అడగాలంటున్నాం. బందరు రోల్డ్‌గోల్డ్ పని చాలావరకు ఇళ్లలోనే సాగుతుంది. రాళ్లు అతికే పనికి చిన్న వేళ్లు బాగా పనికొస్తాయి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు కుటుంబ పనిలో సాయపడవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చింది, అదీ బడి వేళలయ్యాక, సెలవుల్లో. బడే లేని బిడ్డకు బడి వేళ ఏది? ఎనిమిది గంటలు రాళ్లు అతికించి, ‘మా పిల్ల ఇంట్లో చదువుతోంది’ అంటే కాదనడానికి అధికారి చేతిలో ఏముంది? రొయ్యల షెడ్లకు వెళ్లే ఆడపిల్ల, పదిహేనేళ్లకే పెళ్లి ఖాయమైన ఆడపిల్ల కూడా కాగితం మీద ఇంటి చదువు చాటున దాక్కోగలరు. ‘మా మీద నమ్మకం లేదా’ అని చదువుకున్న తల్లిదండ్రులు కోపగించుకుంటున్నారు. వారి కోపం కంటే ఈ పిల్లల క్షేమం మాకు ముఖ్యం.

రాష్ట్రం చేయగలిగినవి కొన్ని, కేంద్రం చేయవలసింది ఒకటి ఉన్నాయి. పదో సెక్షన్‌లో ‘నమోదు చేసుకున్న ఇంటి చదువు’ను చేర్చాల్సింది పార్లమెంటు. అది జరిగేలోగా మండల విద్యాశాఖాధికారి దగ్గర రిజిస్టరు తెరవడానికి అడ్డేమీ లేదు. ఏ పుస్తకాలు, ఏ భాష, ఎవరు చెబుతారన్నది తల్లిదండ్రులు ఒక పేజీలో రాసివ్వాలి. ఏడాదికి రెండుసార్లు దగ్గరి ప్రభుత్వ బడి టీచరు పిల్లతో, తల్లిదండ్రులు పక్కన లేకుండా, కాసేపు మాట్లాడాలి. పరీక్ష పెట్టనక్కర్లేదు. చదివించి, నాలుగు ముక్కలు రాయించి, రోజు ఎలా గడుస్తోందో అడిగితే ఏ టీచరుకైనా విషయం తెలిసిపోతుంది. చదువు సాగడం లేదని తేలితే నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

బదులుగా ప్రభుత్వం ఇవ్వవలసినవీ ఉన్నాయి. ఉచిత పాఠ్యపుస్తకాలు ఇవ్వాలి. ప్రభుత్వ బడి లైబ్రరీ, ల్యాబు, ఆటస్థలం వాడుకోనివ్వాలి. తోటి పిల్లలు దొరకడం లేదన్న బాధ సగం అక్కడే తీరుతుంది. బడికి 75 శాతం హాజరు చూసి ఇచ్చే నగదు మాత్రం ఈ కుటుంబాలు అడగకూడదు. ఆ డబ్బు బిడ్డను బడికి పంపితే పూట గడవని తల్లికోసం పుట్టింది.

పరీక్షల దారి ఇప్పటికే ఉంది. జాతీయ ఓపెన్ స్కూలు ఏ, బీ, సీ స్థాయిలు 3, 5, 8 తరగతులకు సమానం. పద్నాలుగేళ్లు నిండితే ఏపీ సార్వత్రిక విద్యాపీఠంలోనూ పది రాయవచ్చు. ఐదు సబ్జెక్టులూ ఒక్కసారే గట్టెక్కాలన్న నిర్బంధం లేదు. ఓపెన్ స్కూల్లో చదివినవారు నీట్‌కు పనికిరారన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లోనే కొట్టేసింది. అయినా ఓపెన్ స్కూలంటే ఫెయిలైనవాళ్ల చోటన్న చులకన మన కాలేజీ కౌంటర్లలో పోలేదు. ప్రాథమిక బడి చదువుతోనే ఆపేసిన అక్కినేని నాగేశ్వరరావు పేరు మీద కాలేజీ నడుపుకుంటున్న గుడివాడకు ఆ చులకన నప్పదు.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా కృష్ణా జిల్లాలోనే ప్రయోగంగా ఈ రిజిస్టరు మొదలుపెట్టాలి. అవనిగడ్డ, గుడివాడ, బందరు మండలాల్లో ఒక్క ఏడాది నడిపితే ఎంతమంది ముందుకొస్తారో, ఎంతమంది వెనక్కి తగ్గుతారో తేలుతుంది. వెనక్కి తగ్గినవారి ఇళ్లకు అధికారులు ముందుగా వెళ్లాలి.