ముసురు సెలవు

నవంబరులో నెల్లూరు తీరాన సాయంత్రం మబ్బు కమ్మిందంటే పెద్దలు ఆకాశం వంక చూస్తారు, పిల్లలు సెల్‌ఫోన్ వంక చూస్తారు. వాయుగుండం ఎటు తిరుగుతుందోనని పెద్దల బెంగ. కలెక్టరు గారు రేపు సెలవిచ్చారా లేదా అని పిల్లల ఆత్రం. రాత్రి ఏ తొమ్మిదింటికో బడి వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పడగానే, అప్పటిదాకా పుస్తకం ముందు కునికిపాట్లు పడుతున్న వాళ్లకు ఎక్కడలేని హుషారు వస్తుంది.

ఇది మన వైపు ఏటా ఉండే ముచ్చటే. తెలుగు నేలలో చాలాచోట్ల జూన్, జులైల్లో ముమ్మరంగా కురిసే వాన మనల్ని అంతగా పట్టించుకోదు. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల పుణ్యమే. చదువు ఒక దారిన పడిందనుకునే వేళకు ముసురు పట్టుకుంటుంది.

వాట్సాప్ లేని రోజుల్లో సెలవు సంగతి చాలామందికి బడికి వెళ్లాకే తెలిసేది. యూరియా సంచి మూలను లోపలికి మడిచి నెత్తిన వేసుకుని, పలక తడవకుండా పొట్టకు అదుముకుని వెళితే, హెడ్మాస్టరు గారు వరండాలో నిలబడి, "తుపాను వస్తా ఉందంట, ఇళ్లకు పోండి నాయనా" అనేవారు. పోయేటప్పుడు పది నిమిషాల దారి వచ్చేటప్పుడు గంట పట్టేది. దారిలోని ప్రతి గుంటనూ పలకరించాలి కదా!

జాలర్లుండే పట్టపుపాళెంలో ఆ రోజు తీరు వేరు. వేటకు వెళ్లొద్దని చాటింపు వేస్తారు. పడవల్ని ఒడ్డు మీదికి ఈడ్చి కట్టేస్తారు. ఇంజను ఇంట్లోకి వస్తుంది. ఎప్పుడూ తెల్లవారుజామునే కడలిమీదికి పోయే నాన్న పగలంతా ఇంట్లో కనిపించేది అప్పుడే. ఆయన చిరిగిన వల ముందేసుకుని కూర్చుంటే, పిల్లవాడు పక్కన చేరి దారం అందిస్తాడు. వేట లేక చేతిలో డబ్బు ఆడని దిగులు ఆ ఇంట్లో ఉంటుంది. అయినా ఆ పూట పిల్లవాడికి దొరికిన నాన్న చిన్న భాగ్యమేమీ కాదు.

మనవాళ్లు స్థిరపడిన అమెరికా ఊళ్లలో మంచు కురిస్తే ఇలాగే సెలవిస్తారు. ఎడిసన్‌లో ఉన్న మనవడు 'ఇవాళ బడి లేదు తాతా' అని ఫోనులో గంతులేస్తే నెల్లూరులో తాతకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఆ న్యూజెర్సీలో ఏడాదికి 180 రోజులు బడి నడవాలి కాబట్టి పోయిన రోజును తర్వాత పూడ్చుకుంటారు. పక్కనే ఉన్న న్యూయార్క్ నగరం వేరే దారి పట్టింది. 2024 ఫిబ్రవరి 13న మంచు పడితే బళ్లు మూసి, పాఠాలు కంప్యూటర్లలో పెట్టింది. పొద్దున్నే ఎంతోమంది పిల్లలు ఆ పాఠాల్లోకి లాగిన్ కాలేక తెర ముందు పడిగాపులు పడ్డారు. కిటికీ అవతల మంచు, ఇవతల ఆ పిల్లలు. తలుచుకుంటే మనసుకు ఏదోలా ఉంటుంది.

ఇంట్లో చదువు మనకూ తెలియనిది కాదు. 2020లో బళ్లు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. నవంబరు 2న పెద్ద తరగతులకు బళ్లు తెరిచారు. ఆ నెలాఖరులోనే నివర్ తుపాను ముంచుకొచ్చింది. నెలల తరబడి ఇంటిపట్టున ఉండి, అప్పుడప్పుడే స్నేహితుల మొహాలు చూసిన పిల్లలకు ఆ సెలవు ఏమంత తీపిగా అనిపించి ఉండదు.

తుపాను నాడు మన తీరంలో ఫోను పాఠం సాగే పని కాదు. గాలి లేవగానే ముందు కరెంటు పోతుంది, వెనకాలే సిగ్నలు పోతుంది. ఫోనులో మిగిలిన కాస్త చార్జింగు అయినవాళ్ల క్షేమం కనుక్కోవడానికే చాలదు.

అంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. మంచు దేశంలో ఇల్లే బడి అయితే, మన తీరంలో బడే ఇల్లవుతుంది. సముద్రానికి దగ్గరున్న ఇళ్లను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి చేర్చేది చాలాసార్లు ఊరి బడిలోనే. 1984 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు, శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానును ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లు ఇంకా తలుచుకుంటారు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది.

అలాంటి రాత్రి తరగతి గదిని చూడాలి. బెంచీలన్నీ గోడవారకు చేరతాయి. కిటికీ ఊచలకు తడి చీరలు వేలాడతాయి. మధ్యాహ్న భోజనం వండే గుండిగల్లోనే ఊరందరికీ అన్నం ఉడుకుతుంది. నల్లబల్ల మీద మొన్నటి లెక్క సగంలో ఆగి ఉంటుంది. దాని కింద చాప పరుచుకుని అవ్వ నడుం వాలుస్తుంది. మనవరాలు, "నేను కూర్చునేది ఇక్కడే అవ్వా" అని తన చోటు చూపిస్తుంది. ఎన్నడూ బడి గడప తొక్కని ఆ అవ్వకు చదువుల గది లోపల ఎలా ఉంటుందో తుపాను పుణ్యమా అని తెలుస్తుంది.

నీళ్లు తీశాక ఎండ కాస్తుంది. డాబాల మీద, అరుగుల మీద నోటు పుస్తకాలు ఆరేస్తారు. అంటుకుపోయిన పేజీల్ని అమ్మలు ఒక్కొక్కటీ మెల్లగా విడదీస్తారు. సిరా అలుక్కుపోయినా పారేయరు.

పోయిన పాఠం ఎక్కడికీ పోదు. రెండో శనివారాలున్నాయి, కావాలంటే ఆదివారాలూ ఉన్నాయి. టీచర్లు ఎలాగోలా పూర్తి చేస్తారు, ఏటా చేస్తూనే ఉన్నారు. వాళ్లను ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఈసారి తుపాను వెలిసి బడి తెరిచిన రోజు, మొదటి పీరియడ్‌లో పుస్తకం తెరవకండి. పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఏం చూశారో, ఎక్కడ పడుకున్నారో, ఎవరింట్లో ఏం పోయిందో వాళ్లనే చెప్పనివ్వండి.