ఆట ఒప్పుకున్నాక

2024 జనవరిలో ప్రకటించిన పద్మ పురస్కారాల జాబితాలో వేషం కట్టి పేరు తెచ్చుకున్న తెలుగు నటులు ఇద్దరున్నారు. చిరంజీవికి పద్మవిభూషణ్, గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ. చిరంజీవి గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సమ్మయ్యది జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె. చిందు యక్షగానం ఆడతారు. యాభై ఏళ్లకు పైబడి 19,000కు మించిన ప్రదర్శనలు ఇచ్చారని పురస్కార ప్రకటన చెప్పింది. లెక్క కడితే ఏడాదికి 380 అవుతుంది. అంటే ఏ రోజుకారోజు ముఖానికి రంగు పడాల్సిందే, కొన్ని రోజులు రెండుసార్లు కూడా. నటుడిగా బతకడం అంటే ఏమిటో ఆ ఒక్క అంకెలో ఉంది.

నటన నేర్చుకుని నిలదొక్కుకోవాలనుకునే పిల్లలు ఇప్పుడు జనగామలో ఉన్నారు, మహబూబాబాద్ తండాల్లో ఉన్నారు, భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీల్లో ఉన్నారు. ఫోన్‌తో లఘుచిత్రాలు తీస్తారు, రీల్స్ చేస్తారు, చేతిలో నాలుగు డబ్బులుంటే హైదరాబాద్ బస్సెక్కి కృష్ణానగర్‌లో సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగి ఫొటోలు ఇచ్చి వస్తారు. వాళ్లలో కసి ఉంది, ప్రతిభా ఉంది. కానీ ఎవరిని కలవాలి, ఎవరికి ఫొటో పంపాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. ఎవరి దగ్గర నేర్చుకోవాలి అని అడిగేవాళ్లు అరుదు. ఆ తప్పు వాళ్లది కాదు. నేర్పగలిగినవాళ్లు పక్క మండలంలోనే ఉన్నారని పెద్దవాళ్లం మనం ఏనాడూ చెప్పలేదు.

చిందు మేళం పని దగ్గరగా చూస్తే చాలా సంగతులు బోధపడతాయి. పొద్దుగూకే వేళకు మేళం ఊళ్లోకి చేరుతుంది. ఏ బడి వరండాలోనో, ఎవరి కొట్టంలోనో పెట్టెలు దించుతారు. మేకప్‌మ్యాన్ అంటూ వేరే ఎవరూ ఉండరు, ఎవరి ముఖం వాళ్లే దిద్దుకోవాలి. అరచేతిలో ఇమిడే అద్దం, పక్కన నూరి పెట్టుకున్న అర్దళం. ముఖమంతా పచ్చగా పూసుకుని, అది ఆరాక కనుబొమలు, మీసకట్టు, నామం దిద్దుకుంటారు. పొణికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు దారాలతో బిగించి కట్టుకుంటారు. గజ్జెలు కాళ్లకు చుట్టే ముందు కళ్లకు అద్దుకుంటారు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే ముందు గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, తర్వాత దరువు, ఆ తర్వాతే మనిషి కనిపిస్తాడు. తెల్లవారేదాకా ఆట సాగాలి. ఇదంతా పగలు నాట్లకో కోతలకో పోయి వచ్చిన ఒంటితో.

చేతిలో రాతప్రతి ఉండదు. సారంగధరైనా, చెంచులక్ష్మైనా ఆట మొత్తం గొంతులో ఉండాలి. తన మాటలొక్కటే వస్తే చాలదు, ఎదుటివాడివి కూడా రావాలి. ఎందుకంటే అతను తడబడితే అందుకోవాల్సింది తనే. ఇవాళ రాజు వేషం కట్టినవాడు రేపు భటుడవుతాడు. వేషం లేని పూట తాళం పట్టుకుని వంత పాడతాడు. పెద్ద వేషం నాకే కావాలని అలిగి కూర్చుంటే మేళం నడవదు. 1897లో మాస్కోలో రంగస్థల దర్శకులు స్తానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్ దాన్చెంకో ఒక హోటల్లో మొదలుపెట్టి పద్దెనిమిది గంటలు మాట్లాడుకుని కొత్త నాటకశాలకు నియమాలు రాసుకున్నారు. నేడు కథానాయకుడైన నటుడు రేపు చిన్న వేషానికీ సిద్ధపడాలన్నది వాటిలో ముఖ్యమైనది. ఆ మాస్కో నాటకశాల ప్రపంచ నటనకే బడి అయింది. చిందు కుటుంబాలు ఆ నియమాన్ని ఏ కాగితం మీదా రాసుకోకుండా తరతరాలుగా పాటించాయి. ఆడవాళ్లు తెర వెనకే ఉండిపోవాలన్న కట్టడి కూడా ఈ మేళాల్లో లేదు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ మగవేషాలు కట్టడంలోనూ పేరు మోసింది. 2005లో కన్నుమూసిన ఆమెను పెద్ద నటి అనడానికి మన నాటక చరిత్రకారులకు ఇప్పటికీ నోరు రాదెందుకో నాకు అర్థం కాదు.

జనగామ జిల్లాలోనే ఇంకొకాయన ఉండేవారు. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్య, ఒగ్గుకథ చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. 1935లో పుట్టి 2017లో వెళ్లిపోయారు. పన్నెండు వేలకు పైగా కథలు చెప్పారని పేరు. 2014కు సంగీత నాటక అకాడెమీ పురస్కారం వచ్చింది, కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఒగ్గుకథలో తెర లేదు, వేషం మార్చుకునే వీలు లేదు. కథకుడు ఒక్కడే ఎల్లమ్మ దేవత కావాలి, జమదగ్ని కావాలి, మళ్లీ మరుక్షణం కథ చెప్పే మనిషి కావాలి. భుజమ్మీది బట్ట కొంగైతే ఆడమనిషి, అదే నెత్తికి చుడితే మగమనిషి. డోలు దెబ్బకూ మాటకూ వెంట్రుకవాసి తేడా రాకూడదు. మల్లన్న పట్నం ముందు, బీరప్ప గుడి ముందు కొలుపుగా చెప్పే కథ ఆయన నోట రంగస్థల కళ అయింది. ఇంట్లో ఉన్న విద్యను అలాగే అప్పగించి ఊరుకుంటే అది జరిగేది కాదు. అది తన గొంతునీ ఒంటినీ రోజూ పరీక్షించుకున్న మనిషి చేసిన పని.

ఈ నేలకు ఆటలు కొత్త కాదు. దేవరుప్పుల పక్కనే ఉన్న పాలకుర్తి పాల్కురికి సోమనాథుడిది. తెలుగువాళ్ల బహురూపాలు, బొమ్మలాటలు ఆనాడు ఎలా ఉండేవో ఆయన ‘పండితారాధ్య చరిత్ర’ చదివితే తెలుస్తుంది. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగు శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతికి, తర్వాతి నాలుగు జనంలో ఉన్న దేశి ఆటలకు. సగం గ్రంథం ఊళ్లలో ఆడేవాళ్లకు కేటాయించిన ఆ సేనాని చూపు ఇవాళ్టి మన సాంస్కృతిక శాఖలకు ఉంటే ఎంత బాగుండేది! 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న రామప్ప గుడి బొమ్మలనూ ఈ గ్రంథాన్నీ ముందు పెట్టుకునే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. ఒక్క మనిషి పట్టుదల ఒక కళను బతికించగలదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అయితే నిబద్ధత గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ నటుడి వైపే వేలు చూపిస్తాం. సమయానికి రావాలి, సాధన చెయ్యాలి, అలవాట్లు అదుపులో పెట్టుకోవాలి. నిజమే. కానీ పాత మిరాసిలో ఒప్పందం రెండువైపులా ఉండేది. చిందు కుటుంబాలు ఊళ్లను పంచుకునేవి. ఫలానా ఊరు ఫలానా ఇంటి హక్కు. ఏడాదికోసారి ఆ ఊరికి పోయి ఆడటం వాళ్ల బాధ్యత, ఆడించుకుని గింజలూ పైకమూ ఇవ్వడం ఊరి బాధ్యత. ఆ ఏర్పాటును నేను నెత్తికెత్తుకోవడం లేదు. అది కులం గీసిన గీత. మాదిగల ఆశ్రితులుగా చిందువాళ్లను నిలబెట్టి, వాళ్ల ఆట చూడటానికి వచ్చిన ఊరే వాళ్లను దూరంగా ఉంచింది. సమ్మయ్య ఆ దూరం నుంచి రాష్ట్రపతి భవన్ దాకా వచ్చారు. కాకపోతే మిరాసి పోయినప్పుడు కులం పోలేదు, ఊరి బాధ్యత మాత్రం పోయింది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఊరు తలుపేసుకుంది. మేళం తన వంతు మాట మీద నిలబడే ఉంది.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు నెలజీతం ఇచ్చారు. కళాకారుడికి ఒకటో తారీఖు అంటూ ఒకటి రావడం చిన్న విషయం కాదు. కానీ అక్కడ పని పథకాల ప్రచారం, సొంత ఆట ఆడుకునేందుకు తీరిక తక్కువ. పద్మశ్రీలకు 2024 ఫిబ్రవరిలో 25 లక్షల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించారు, సంతోషం. పేద వృద్ధ కళాకారుల పింఛను 2021లో 1,500 నుంచి 3,016 రూపాయలు అయింది. సమ్మయ్య వెనక తాళం కొట్టినవాడు, తెర పట్టినవాడు, ఆయన కీచకుడైతే ద్రౌపది అయినవాళ్లు ఉన్న వరస ఇది. 25 వేలకూ 3,016కూ మధ్య ఒక నటుడి జీవితమంతా నడుస్తుంది. పురస్కారం అందని నటుడిది తక్కువ శ్రమ అని ఎవరు తేల్చారు?

ఇక నటులు కావాలనుకునే పిల్లలకు ఒక మాట. నువ్వు సినిమాకే వెళ్లు, ఓటీటీకే వెళ్లు, కాదనను. వెళ్లే ముందు ఒక ఎండాకాలం చిందు మేళంతోనో ఒగ్గు బృందంతోనో తిరుగు. మైకు పాడైన రాత్రి గొంతు చివరి వరుసకు ఎలా చేరుతుందో చూడు. నలభై మందే వచ్చిన ఊళ్లో నాలుగు వందల మంది ఉన్నట్టే ఆడతారు, అది గమనించు. తనకు వేషం లేని పూట ఆ మనిషి ఏం చేస్తున్నాడో కనిపెట్టు. ఏ నటనా పాఠశాలకు రుసుము కట్టినా ఈ మూడూ ఇంత దగ్గరగా దొరకవు. ఊరకే మాత్రం నేర్చుకోకు, గురువుకు ఇవ్వాల్సింది ఇచ్చి నేర్చుకో.

అధికారులను అడిగేది కూడా పెద్దదేం కాదు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్లులోనే ఉంది. దాని అండతో జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో తలా ఒక శిక్షణ కేంద్రం పెట్టవచ్చు. చిందు, ఒగ్గు పెద్దలను అక్కడ సన్మానానికి పిలిచే అతిథులుగా కాదు, నెలజీతం తీసుకునే గురువులుగా పెట్టాలి. జాతరలకూ సర్కారు పండుగలకూ మేళాన్ని పిలిచినప్పుడు బిల్లు కోసం నెలల తరబడి ఆఫీసు మెట్లెక్కించకుండా, ఒప్పుకున్న పైకం ఆట ముగిసిన పూటే చేతిలో పెట్టాలి. రానూపోనూ బండి కిరాయి, పెట్టెలు మోసే కుర్రాడి కూలి కూడా ఆ లెక్కలోనే ఉండాలి.