చేతులు ఖాళీ లేని అమ్మల ఫోన్ గురించి



"మనోళ్లకు ఫోన్ కొనిచ్చినా దండగే, ఎత్తరు" అని ఈ మధ్య కొందరు రాస్తున్నరు. హాస్టల్లో ఉండే మేం ఈ మాట ఒప్పుకోం. పత్తి ఏరే రోజుల్లో అమ్మ నడుముకు ఒడి కట్టి ఉంటది, రెండు చేతులూ చెట్టు మీదే ఉంటయి. కూలికి పోతే కిలోల లెక్కన తూకం వేసి పైసలిస్తరు, చేయి ఆగితే కూలి తగ్గుతది. ఇగ నాట్లప్పుడు మోచేతి దాకా బురద. తడి వేలితో స్క్రీన్ మీద జరిపితే అది జరగదు, ఒక్కోసారి కాల్ కట్ అయితది. పొడి వేళ్లు, ఖాళీ చేతులు ఉన్నోళ్ల కోసం చేసిన వస్తువు అది. అమ్మను అనుడెందుకు?

చేయి పెట్టకుండా ఫోన్ ఎత్తాలంటే అందరూ ముందు చెప్పేది నోటితో చెప్పే అసిస్టెంట్ గురించే. గూగుల్ అసిస్టెంట్‌కు తెలుగు వచ్చు. గోండి రాదు, కొలామీ రాదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని రాయించుకున్నోళ్లు 29 లక్షల పైనే. సంతాలీ, బోడో భాషలకు 2003లో ఎనిమిదో షెడ్యూల్లో చోటిచ్చిన్రు, గోండికి ఇప్పటికీ లేదు. రాజ్యాంగంలోకే రాని భాష ఫోన్లోకి ఎప్పుడొస్తదో!

అందుకే మాకు నచ్చింది ఆటో ఆన్సర్. దానికి ఏ భాషా అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. సామ్‌సంగ్ ఫోన్లలో కాల్ సెట్టింగ్స్‌లో ఉంటది. ఇయర్‌ఫోన్ పెట్టి ఉంటే కొన్ని సెకన్లకు కాల్ దానంతట అదే కలుస్తది. వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి ఎత్తే ఏర్పాటు కూడా అక్కడే ఉంది, బురద వేలికైనా బటన్ దిగుతది కదా. కొన్ని బటన్ ఫోన్లలో కూడా ఆటో ఆన్సర్ ఉంది. ఐఫోన్‌లో అయితే యాక్సెసిబిలిటీ, టచ్, కాల్ ఆడియో రూటింగ్ అని లోపలికి పోవాలె. మన ఇండ్లల్ల ఐఫోన్ ఎక్కడిది గానీ, చెప్తున్నం అంతే.

ఒక భయం మాత్రం నిజమే. ఎవరు చేసినా కలుస్తది. ఓటీపీ అడిగే మోసగాడు కావచ్చు, ఇంట్లో మాటలు వినాలనుకునేటోడు కావచ్చు. ఐఫోన్‌లో ఇయర్‌ఫోన్ లేకున్నా కలుస్తది, అది ఇంకా ప్రమాదం. ఇయర్‌ఫోన్ ఉంటేనే కలిసే ఫోన్లు ఈ విషయంలో నయం. చేను నుంచి రాంగనే వైరు పీకేస్తే మళ్లీ మామూలు ఫోనే.

దండారికి ఇంటికి పోయేటోళ్లు ఒక వైరు ఇయర్‌ఫోన్ కొనుక్కపోండి. ఫోన్‌కు ఆ రంధ్రం ఉందో లేదో ముందే అడగండి. ఒక్క చెవికే పెట్టుకొమ్మని చెప్పండి, చేన్ల పాములుంటయి, అడవి పందులుంటయి, రెండో చెవి ఖాళీగా ఉండాలె. సెట్టింగ్ పెట్టినంక పక్క చేను నుంచి రెండు మూడు సార్లు చేసి చూడండి. మీ ఇంటి ఫోన్ మోడల్లో అది ఎక్కడ దొరికిందో రాస్తే, అదే ఫోన్ ఉన్న ఇంకో ఇంటికి పనికొస్తది.